కామెర్లకు నేల ఉసిరి: పరీక్షలు ఏమి తేల్చాయి?

(ప్రపంచ హెపటైటిస్ దినం సందర్భంగా వృక్షశాస్త్ర, ఫార్మసీ విద్యార్థులకు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, అధ్యాపక మిత్రులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

జూలై 28వ తేదీని ప్రపంచ హెపటైటిస్ దినంగా ఎంచుకోవడానికి కారణం అది బరూచ్ బ్లంబర్గ్ అనే అమెరికా శాస్త్రవేత్త పుట్టినరోజు కావడం. కాలేయానికి వాపు తెచ్చే హెపటైటిస్-బి వైరస్‌ను గుర్తించిన ఆయన 1976లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతిని మరొక శాస్త్రవేత్తతో పంచుకున్నారు. ఆయన పరిశోధనలలో అంతగా ప్రచారానికి రాని ఒక భాగం మన దక్షిణ భారతంతో ముడిపడి ఉంది. 1980లలో ఆయన బృందమూ, మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.పి. త్యాగరాజన్ గారి బృందమూ కలిసి, వానలు పడగానే మన పొలం గట్ల మీదా, పెరటి గోడల వెంటా మొలిచే నేల ఉసిరి మొక్కను హెపటైటిస్-బి రోగుల మీద పరీక్షించారు. సంప్రదాయ ఔషధాన్ని పరీక్షించేటప్పుడు ఎదురయ్యే చిక్కులు దాదాపు అన్నీ ఈ ఒక్క మొక్క విషయంలో బయటపడ్డాయి కాబట్టి, నాకు ఇచ్చిన సమయమంతా దీనికే కేటాయిస్తాను.

ఆయుర్వేదంలో దీనిని భూమ్యామలకి అనీ, తామలకి అనీ అంటారు. తమిళులు కీళానెల్లి అంటారు. కామెర్లు వచ్చినవారికి ఈ మొక్కను సమూలంగా పెరికి, కడిగి, నూరి, పసరు పిండి, పాలలోనో మజ్జిగలోనో కలిపి పరగడుపున తాగించడం, ఉప్పూ నూనే లేని చప్పిడి పథ్యం పెట్టడం మన పల్లెల్లో తరతరాలుగా ఉన్న అలవాటు. పసరు పోసేవారి దగ్గరకు ఇప్పటికీ జనం వెళుతున్నారు. వారిలో చాలామంది డబ్బు తీసుకోరు. తమ తాతల నుంచి వచ్చిన విద్య పదిమందికి ఉపయోగపడాలన్న నమ్మకంతోనే మందు ఇస్తారు. ఆ నమ్మకాన్ని నేను గౌరవిస్తాను. అయితే ఇన్ని తరాలు నిలిచిన మందులో ఏదో గుణం ఉండి తీరాలన్న వాదనను మాత్రం ఉన్నది ఉన్నట్టుగా ఒప్పుకోలేను. అందుకు కారణం కామెర్ల స్వభావంలోనే ఉంది.

కామెర్లు ఒక లక్షణం మాత్రమే. రక్తంలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పెరిగినప్పుడు కళ్లూ చర్మమూ పచ్చబడతాయి. కలుషితమైన నీటి ద్వారా వచ్చే హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ వైరస్‌లు, రక్తం ద్వారానూ తల్లి నుంచి బిడ్డకూ సోకే హెపటైటిస్-బి, పిత్తనాళానికి అడ్డుపడిన రాయి, ఏళ్ల తరబడి తాగిన సారా, కొన్ని రకాల మాత్రలు, ఇలా కారణాలు ఎన్నో ఉన్నాయి. మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే హెపటైటిస్-ఎ, ఇ రకాలు చాలామందిలో ఏ మందూ లేకుండానే కొన్ని వారాలలో తగ్గిపోతాయి. పెద్దవారయ్యాక హెపటైటిస్-బి సోకినవారిలో కూడా సుమారు 95 శాతం మంది శరీరం ఆ వైరస్‌ను తనంతట తానే వదిలించుకుంటుంది. కాబట్టి పసరు పోసే పెద్దమనిషి దగ్గరకు వచ్చిన పదిమందిలో తొమ్మిదిమంది కోలుకుంటారు, కోలుకున్నవారు పది ఊళ్లకు ఆయన పేరు చెబుతారు. తగ్గని ఆ ఒక్కరు పట్నంలోని ఆసుపత్రికి వెళతారు. అక్కడ వారికి ఏమైందో పసరు పోసినాయనకు తెలిసే మార్గం లేదు. ఎవరూ ఎవరినీ మోసం చేయకుండానే, మందులో ఏ గుణమూ లేకపోయినా దానికి మంచి పేరు నిలబడగలదు. మందులో నిజంగా గుణం ఉన్నా ఇదే పేరు వస్తుంది. బయటి నుంచి చూసేవారికి ఈ రెండింటి మధ్య తేడా తెలియాలంటే, అదే జబ్బుతో అదే కాలంలో మందు తీసుకోనివారు కూడా కళ్ల ముందు ఉండాలి.

మద్రాసు పరిశోధకులు రోగులను ఎంచుకున్న తీరు ఇక్కడ ఎంత తెలివైనదో గమనించండి. వారు తమంతట తాము కోలుకునే కామెర్ల రోగులను వదిలి, వైరస్ రక్తంలో స్థిరపడిపోయిన దీర్ఘకాలిక వాహకులను తీసుకున్నారు. హెపటైటిస్-బి వైరస్ పై పొరలో ఉండే ప్రొటీన్‌ను ఉపరితల యాంటిజెన్ అంటారు. రక్తపరీక్షలో మనం చూసేది దానినే. వాహకుల రక్తం నుంచి ఈ యాంటిజెన్ తనంతట తాను మాయమవడం చాలా అరుదు, ఏడాదికి వందమందిలో సుమారు ఒకరికి జరుగుతుంది. ఒక మొక్క ఇచ్చిన నెలరోజులలో చాలామంది రక్తం నుంచి అది పోయిందంటే, దానిని సహజంగా కోలుకోవడం కింద కొట్టిపారేయడం కుదరదు.

రోగుల దాకా రావడానికి ముందు వారు ప్రయోగశాలలో కొంత పని చేశారు. హెపటైటిస్-బి వైరస్‌కు దగ్గరి చుట్టమైన వైరస్ ఒకటి ఉడ్‌చక్ అనే ఉత్తర అమెరికా జంతువుకు సోకుతుంది. నేల ఉసిరి సారం, వైరస్ తన జన్యుపదార్థానికి నకళ్లు తీసుకోవడానికి వాడే డీఎన్ఏ పాలిమరేజ్ ఎంజైమ్‌ను పరీక్షనాళికలో అడ్డుకుంటున్నదనీ, సారం ఎక్కించిన ఉడ్‌చక్‌లలో వైరస్ ఆనవాళ్లు తగ్గాయనీ 1987లో ప్రచురించారు. మరుసటి సంవత్సరం, 1988లో, లాన్సెట్ వైద్య పత్రికలో రోగుల ఫలితాలు వచ్చాయి. ఎండబెట్టి పొడి చేసిన మొక్కను పూటకు 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు 30 రోజులు ఇచ్చి, చికిత్స ముగిసిన 15 నుంచి 20 రోజుల తర్వాత రక్తం పరీక్షించారు. మొక్క తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో, అంటే 59 శాతం మందిలో, ఉపరితల యాంటిజెన్ కనిపించలేదు. పోలిక కోసం ఏ గుణమూ లేని ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో అది పోయినది ఒక్కరికే. కొందరిని తొమ్మిది నెలల వరకు గమనించారు. పోయిన యాంటిజెన్ ఎవరిలోనూ తిరిగి రాలేదు. చెప్పుకోదగిన దుష్ఫలితాలు కూడా కనిపించలేదు.

ఈ ఫలితం ఎంత పెద్దదో అర్థం కావాలంటే నేటి మందులతో పోల్చి చూడాలి. ఈనాడు హెపటైటిస్-బికి ఇచ్చే టెనోఫోవిర్, ఎంటెకావిర్ మాత్రలు వైరస్ పెరుగుదలను బాగా అణచివేస్తాయి, కాలేయాన్ని కాపాడతాయి, కాలేయ క్యాన్సర్ ముప్పును తగ్గిస్తాయి. అయినా ఏళ్ల తరబడి వాడిన తర్వాత కూడా ఉపరితల యాంటిజెన్ పూర్తిగా పోయేది కొద్దిమందికే. ప్రపంచంలోని పలు ఔషధ సంస్థలు నేటికీ వెతుకుతున్నది సరిగ్గా ఆ ఫలితం కోసమే. నెలరోజుల నేల ఉసిరి పొడితో సగానికి పైగా రోగులలో అది సాధ్యమైందన్న వార్త 1988లో ఎంత ఆశ రేపి ఉంటుందో మీరు ఊహించవచ్చు.

ఆ పరిశోధకులు తమ వ్యాసాన్ని ప్రాథమిక అధ్యయనం అనే చెప్పుకున్నారు, పరీక్షలు కొనసాగాలనే కోరారు. దానిని చదివే విద్యార్థిగా మీరు కూడా కొన్ని ప్రశ్నలు వేయాలి. ఒక వర్గంలో 37 మంది, మరొక వర్గంలో 23 మంది ఎందుకున్నారు? చేరినవారందరూ చివరి రక్తపరీక్షకు వచ్చారా, కొందరు మధ్యలో తప్పుకున్నారా? తప్పుకున్నవారు రెండు వర్గాల నుంచీ సమానంగా తప్పుకున్నారా? అరవైమందితో చేసిన పరీక్షలో ఇటు నలుగురు, అటు నలుగురు మారితే శాతాలు ఎంత మారతాయో కాగితం మీద లెక్క వేసి చూడండి. ఇవి శత్రుత్వంతో వేసే ప్రశ్నలని అనుకోకండి. మంచి వార్త విన్నప్పుడు వీటిని మరింత గట్టిగా వేయాలని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ వార్తను నమ్మి మందు మానేసేవారు రోగులే.

మరొకచోట మరొకరు చేసి చూస్తే ఏమవుతుందన్నది తర్వాతి ప్రశ్న. థాయ్‌లాండ్ వైద్యులు లక్షణాలు లేని వాహకులకు ఇదే మొక్కను ఇచ్చి, యాంటిజెన్ పోలేదని 1990లో అదే లాన్సెట్‌లో రాశారు. న్యూజిలాండ్ వాహకులలోనూ ఫలితం కనిపించలేదని 1994లో ప్రకటించారు. బాతులకు సోకే హెపటైటిస్ వైరస్ మీద చేసిన ప్రయోగాలు కూడా పెద్దగా ఆశాజనకంగా లేవు. చైనాలో 1995లో ప్రచురించిన ఒక అధ్యయనం నేల ఉసిరి చెందిన ఫిలాంథస్ ప్రజాతిలో, మూడు ప్రాంతాల నుంచి తెచ్చిన మూడు జాతులను పక్కపక్కన పెట్టి చూసింది. వాటిలో ఒకటి భారతదేశం నుంచి వెళ్లిన మొక్కే. మరొక జాతి అయిన యూరినేరియా కొన్ని ఇతర సూచికలలో కొంత మెరుగనిపించింది గాని, ఉపరితల యాంటిజెన్ విషయంలో మార్పు రాలేదు. ఈ ప్రజాతి మీద జరిగిన యాదృచ్ఛిక పరీక్షలన్నింటినీ, అంటే రోగులను చీటీలు తీసినట్టుగా వర్గాలకు కేటాయించిన పరీక్షలను, జల్లెడ పట్టిన సమీక్షను వైద్య ఆధారాలను క్రోడీకరించే కాక్రేన్ సంస్థ 2011లో వెలువరించింది. అందులో 16 పరీక్షలు, 1326 మంది రోగులు ఉన్నారు. వాటిలో మొక్కను ఉత్తుత్తి మందుతో నేరుగా పోల్చినది ఒక్కటే, అందులో పాల్గొన్నవారు 42 మంది, ఆ ఒక్కదానిలో తేడా తేలలేదు. మిగిలిన పదిహేనూ వేరే వైరస్ మందులతో కలిపి ఇచ్చినవి, నాణ్యత తక్కువైనవి.

మద్రాసులో 59 శాతం వచ్చినది ఇతర చోట్ల ఎందుకు రాలేదన్నదానికి ఈనాటికీ తిరుగులేని సమాధానం లేదు. మొదటి పరీక్ష చిన్నది కావడం వల్ల యాదృచ్ఛికంగా వచ్చిన ఫలితమని కొందరు అంటారు. రోగుల తేడా మరొక కారణం కావచ్చు. తూర్పు ఆసియాలో చాలామందికి పుట్టుకతోనే తల్లి నుంచి వైరస్ సోకుతుంది, అలా సోకిన శిశువులలో సుమారు 90 శాతం మంది దీర్ఘకాలిక వాహకులవుతారు, వారి శరీరం దానిని వదిలించుకోవడం మరీ కష్టం. మూడో అవకాశం వృక్షశాస్త్ర విద్యార్థులకు సంబంధించినది. అందరూ ఇచ్చినది ఒకే మొక్కేనా?

దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఫిలడెల్ఫియాలోని బ్లంబర్గ్ బృందం 1987లో రాసిన వ్యాసంలో మొక్క పేరు ఫిలాంథస్ నిరూరి అని ఉంటుంది. 1988 నాటి వ్యాసంలో ఫిలాంథస్ అమారస్ అని ఉంటుంది. నిరూరి అన్న పేరు మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లిన్నేయస్ పెట్టినది. మన వృక్షజాల గ్రంథాలన్నీ దానినే నేల ఉసిరికి వాడుతూ వచ్చాయి. వెబ్‌స్టర్ అనే అమెరికా వృక్షశాస్త్రవేత్త 1950లలో వెస్టిండీస్ మొక్కలను పరిశీలించి, అసలైన నిరూరి అమెరికా ఖండానికి చెందినదని తేల్చారు. భారతీయ గ్రంథాలలో నిరూరి పేరుతో రాసినది నిజానికి అమారస్, ఫ్రాటర్నస్, డెబిలిస్ అనే మూడు జాతుల కలగలుపని మన వృక్షశాస్త్రవేత్తలు 1985లో చూపించారు. అంటే అంతకుముందు నిరూరి పేరుతో అచ్చయిన రసాయన, ఔషధ పరిశోధనలలో ఏది ఏ మొక్క మీద జరిగిందో, నమూనాను భద్రపరిచి ఉంటే తప్ప చెప్పలేం.

మీరు తోటలోకి వెళ్లి ఒక మొక్కను దగ్గరగా చూడండి. నిటారుగా నిలిచిన సన్నటి కాండం నుంచి పక్కలకు పుల్లలవంటి రెమ్మలు వస్తాయి. రెమ్మకు రెండు వైపులా చిన్న చిన్న ఆకులు వరుసగా ఉండటంతో అది చింతాకులాగా సంయుక్త పత్రమనిపిస్తుంది. కానీ ప్రతి ఆకు మొదట్లోనూ ఒక పూమొగ్గ ఉంటుంది కాబట్టి అవి విడి ఆకులేనని తెలిసిపోతుంది. రెమ్మను తిరగేస్తే ఆవగింజ కంటే కాస్త పెద్దవైన ఆకుపచ్చని కాయలు అడుగున వరుసగా వేలాడుతుంటాయి. ఇక్కడికి వచ్చేసరికి మూడు జాతులూ ఒకేలా కనిపిస్తాయి. ఇప్పుడు భూతద్దం పెట్టి పువ్వు రేకులు లెక్కపెట్టండి. అమారస్‌కు ఐదు ఉంటాయి, ఫ్రాటర్నస్‌కు ఆరు ఉంటాయి. అమారస్‌లో ఒకే ఆకు పంచన ఒక మగ పువ్వు, ఒక ఆడ పువ్వు పక్కపక్కన కనిపిస్తాయి. కాండం ఎర్రగా ఉండి, కాయలు తొడిమ లేకుండా రెమ్మకు అతుక్కుని, పైన బుడిపెలతో గరుకుగా ఉంటే అది యూరినేరియా. ఇంత చిన్న తేడాలను కూలికి మొక్కలు పెరికేవారు చూస్తారని ఆశించలేం. మొక్క ఎండి నలిగి సంచిలోకి చేరిన తర్వాత ఎవరూ చూడలేరు. దక్షిణ భారతదేశంలోని మూలికల దుకాణాలలో అమ్మే నేల ఉసిరిని బెంగళూరు శాస్త్రవేత్తలు డీఎన్ఏ పద్ధతితో పరీక్షించి 2010లో ప్రచురించారు. సుమారు 76 శాతం నమూనాలలో ప్రధానంగా అమారస్సే ఉంది. మిగిలిన వాటిలో డెబిలిస్, ఫ్రాటర్నస్, యూరినేరియా, మదరాస్‌పటెన్సిస్ వంటి ఇతర జాతులు ఉన్నాయి.

పేరు తేలినా పని పూర్తి కాదు. ఫిలాంథిన్, హైపోఫిలాంథిన్ అనే లిగ్నాన్లు (ఒక రకం మొక్క రసాయనాలు) అమారస్‌లో, ముఖ్యంగా దాని ఆకులలో, సమృద్ధిగా ఉంటాయి. వాటి మోతాదు మొక్క పెరిగిన నేలను, కోసిన కాలాన్ని, ఎండబెట్టిన తీరును బట్టి మారుతుంది. అవి ఆల్కహాల్‌లో బాగా కరుగుతాయి, నీటిలో అంతగా కరగవు. జెరానీన్, కోరిలాజిన్ వంటి టానిన్లు నీటిలోకి దిగుతాయి. కాబట్టి నీళ్లలో కాచిన కషాయం, ఆల్కహాల్‌తో తీసిన సారం, ఎండబెట్టిన చూర్ణం, పచ్చి మొక్క పసరు అనే నాలుగింటినీ నాలుగు వేర్వేరు మందులుగానే చూడాలి. ఒకదాని ఫలితాన్ని మరొకదానికి అంటగట్టకూడదు. చైనా శాస్త్రవేత్త టు యూయూ మలేరియా మందు ఆర్టెమిసినిన్ కోసం పనిచేసినప్పుడు, మరిగించి తీసిన సారం నమ్మదగిన ఫలితం ఇవ్వలేదనీ, తక్కువ వేడిలో ఈథర్‌తో తీసినప్పుడే గుణం నిలిచిందనీ తెలుసుకున్నారు. మొక్కను ఎలా వాడేవారో అడిగి రాసుకోవడం కూడా పరిశోధనలో భాగమేనని నేను నా విద్యార్థులకు పదే పదే చెబుతుంటాను.

పరీక్షనాళికలోనూ ఎలుకలలోనూ వచ్చే ఫలితాల గురించి ఒక హెచ్చరిక చేయాలి. టానిన్లకు ప్రొటీన్లను పట్టుకునే గుణం ఉంది, తోలు ఊనడానికి వాటిని వాడేది అందుకే. ఎంజైమ్ కూడా ప్రొటీనే కాబట్టి, టానిన్లు నిండుగా ఉన్న సారాన్ని ఏ ఎంజైమ్ మీద పోసినా అది మందగించే అవకాశం ఎక్కువ. అందువల్ల సారం ఫలానా ఎంజైమ్‌ను అడ్డుకుందని రాసేముందు టానిన్లను తొలగించి మరోసారి చూడాలి. ఆ గాఢత మందు మింగిన మనిషి రక్తంలో ఎప్పటికైనా సాధ్యమేనా అన్నదీ చూడాలి. ఇక ఎలుకల సంగతి. ఫిలాంథిన్, హైపోఫిలాంథిన్ కలిపినప్పుడు కార్బన్ టెట్రాక్లోరైడ్ విషం నుంచి ఎలుక కాలేయ కణాలు కొంత రక్షణ పొందాయని 1985లోనే ప్రచురితమైంది. ఆ తర్వాత మన దేశంలో ఇదే పద్ధతిని మొక్క తర్వాత మొక్క మీద వందలాది ప్రాజెక్టులలో చేస్తూ వచ్చారు. ఆ రసాయనం తాగి ఆసుపత్రికి వచ్చే మనిషి దాదాపు ఉండడు. వైరస్ వల్ల కాలేయం దెబ్బతినే తీరు వేరు, దానిలో మన సొంత రోగనిరోధక కణాల పాత్ర ఎక్కువ. ఎలుకల ప్రయోగంతో ఆగిపోయిన పరిశోధన కాలేయ రక్షణ అనే మాటను సీసా అట్ట మీదకు ఎక్కించడానికి ఉపయోగపడుతుంది గాని, రోగికి ఉపయోగపడదు. ఆ డబ్బులో కొంతైనా ఒక మంచి క్లినికల్ పరీక్షకు మళ్లించి ఉంటే బాగుండేదని నా నిశ్చితాభిప్రాయం.

మొక్క కాబట్టి హాని చేయదన్న మాటను కూడా పరీక్షించకుండా ఒప్పుకోకూడదు. కరోనా కాలంలో తిప్పతీగ వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నదని ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు. వారు వాడినది అసలైన తిప్పతీగ కాకుండా దానిని పోలిన టినోస్పోరా క్రిస్పా కావచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పింది. ఆ వివాదంలో ఎవరి మాట సరైనదైనా, మనం వాడే మొక్క ఏదో ఖాయంగా తెలియకుండా దాని మేలు గురించీ కీడు గురించీ మాట్లాడలేమని మాత్రం స్పష్టమైంది. నేల ఉసిరి విషయంలో ఇప్పటివరకు జరిగిన పరీక్షలలో తీవ్రమైన హాని బయటపడలేదు. అయితే అనేక మందులను శరీరం నుంచి పంపించే సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్‌ను దాని సారం ప్రయోగశాలలో అడ్డుకుంటున్నది కాబట్టి, రోజూ ఇతర మాత్రలు వాడేవారు వైద్యుడికి చెప్పకుండా దీనిని తీసుకోవడం మంచిది కాదు.

ఇంతవరకు తేలినదానిని బట్టి హెపటైటిస్-బి ఉన్న రోగికి మనం ఏమి చెప్పాలి? నేల ఉసిరి ఈ వైరస్‌ను తొలగిస్తుందని చెప్పడానికి ఆధారం లేదని స్పష్టంగా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో భారతదేశంలో 2.98 కోట్ల మంది ఈ వైరస్‌తో జీవిస్తున్నారు, వారిలో చాలామందికి ఆ సంగతే తెలియదు. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018లో మొదలైనప్పటి నుంచి ప్రభుత్వ కేంద్రాలలో పరీక్షలు, మందులు ఉచితంగా ఇస్తున్నారు. వైరస్ సోకకుండా టీకా ఉంది. ఒకప్పుడు విదేశాల నుంచి తెచ్చుకోవలసి వచ్చి సామాన్యులకు అందని ఆ టీకాను హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఇక్కడే తయారుచేసి విడుదల చేయడం మనం గర్వించదగిన విషయం. గర్భిణికి కామెర్లు కనిపిస్తే అది హెపటైటిస్-ఇ కావచ్చు. నెలలు నిండే దశలో అది వచ్చిన ప్రతి నలుగురైదుగురిలో ఒకరు చనిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి, పసరు కోసం ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయానికి వస్తాను. మన పెద్దలు నేల ఉసిరిని హెపటైటిస్-బి వాహకులకు ఇవ్వలేదు. లక్షణాలు లేకుండా తిరిగే వాహకుడనేవాడు ఉంటాడని వారికి తెలిసే అవకాశమే లేదు. వారు ఇచ్చినది కళ్లు పచ్చబడి, అన్నం సహించక, నీరసించి పడుకున్న మనిషికి. అతను త్వరగా లేచి తిరుగుతాడన్నదే వారి మాట. వాహకుల మీద జరిగిన పరీక్షలు విఫలమైతే విఫలమైనది ఇరవయ్యో శతాబ్దపు శాస్త్రవేత్తల ఊహ. పెద్దల మాటను పరీక్షించాలంటే తాజాగా కామెర్లు వచ్చిన రోగుల మీదనే పరీక్షించాలి. కేరళ వైద్యులు 1999లో ప్రచురించిన ఒక చిన్న పరీక్షలో అటువంటి ప్రయత్నం చేశారు. కొత్తగా వైరల్ హెపటైటిస్ వచ్చిన రోగులకు మొక్క పొడి ఇచ్చి చూస్తే కామెర్లు ఉండే కాలం చెప్పుకోదగినంతగా తగ్గలేదు. ఆ ఫలితాన్ని నేను గౌరవిస్తాను గాని, ప్రశ్న అంతటితో తీరిపోయిందని అనుకోను. ఎందుకంటే చిన్న పరీక్షకు చిన్న తేడాలు అందవు.

లెక్క చూద్దాం. మందు లేకుండా కామెర్లు తగ్గడానికి సగటున నాలుగు వారాలు పడుతుందనీ, మనిషికీ మనిషికీ మధ్య వ్యత్యాసం, అంటే ప్రామాణిక విచలనం, రెండు వారాలనీ అనుకుందాం. వర్గానికి ముప్పైమందితో పరీక్ష చేస్తే పదిరోజుల తేడా ఉంటేనే మనకు నమ్మకంగా తెలుస్తుంది. మొక్క నాలుగు రోజులు ముందుగా కోలుకునేలా చేస్తుందేమో తెలుసుకోవాలంటే వర్గానికి సుమారు 200 మంది కావాలి. రోజుకూలితో బతికే కుటుంబానికి నాలుగు రోజులు తక్కువేమీ కాదు కాబట్టి ఆ శ్రమ పడవలసిందే. మన రాష్ట్రాలలో తాగునీటి పైపులు పగిలి మురుగు కలిసిన చోట కామెర్లు ఒకేసారి వందలమందికి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. రెండు మూడు వైద్య కళాశాలలు ముందుగానే సిద్ధంగా ఉంటే ఈ సంఖ్య సాధ్యమే.

అటువంటి పరీక్షను నేను ఇలా కోరుకుంటాను. రక్తపరీక్షలో హెపటైటిస్-ఎ గాని ఇ గాని అని ఖాయమైన పెద్దలనే చేర్చాలి. గర్భిణులను, రక్తం గడ్డకట్టే పరీక్షలో తేడా కనిపించినవారిని, మత్తుగా మాట్లాడుతున్నవారిని చేర్చకుండా నేరుగా ఆసుపత్రి సంరక్షణలోకి పంపాలి. అమారస్ జాతిని ఒకేచోట సాగుచేసి, ఏ రోజు ఎక్కడ కోశారో రాసి, నమూనాను హెర్బేరియంలో, అంటే ఎండు మొక్కల భాండాగారంలో, సంఖ్యతో భద్రపరచి, ఫిలాంథిన్ మోతాదు కొలిచి, భారలోహాలు లేవని చూసుకున్న తర్వాతే క్యాప్సూల్‌లో నింపాలి. నేల ఉసిరి చేదు నాలుకకు తగిలితే ఎవరికి ఏది ఇచ్చారో తెలిసిపోతుంది కాబట్టి ఉత్తుత్తి మందు కూడా అదే రంగు, అదే బరువు ఉన్న క్యాప్సూల్‌లోనే ఉండాలి. చప్పిడి పథ్యం ప్రభావం మందు ఖాతాలో పడకుండా రెండు వర్గాలకూ ఒకే ఆహారం చెప్పాలి. బిలిరుబిన్ డెసీలీటరుకు రెండు మిల్లీగ్రాములకు దిగడానికి పట్టిన రోజులనే ప్రధాన ఫలితంగా ముందే నిర్ణయించి, మొదటి రోగిని చేర్చకముందే భారత క్లినికల్ పరీక్షల రిజిస్ట్రీలో నమోదు చేయాలి. 2009 జూన్ 15 నుంచి ఆ నమోదు తప్పనిసరి అయింది. మధ్యలో తప్పుకున్నవారిని కూడా వారు మొదట చేరిన వర్గంలోనే లెక్కించాలి.

ఫలితం అనుకూలంగా వస్తే దానిని మందుగా తీసుకురావడానికి మన చట్టంలో దారి కూడా ఉంది. మొక్క నుంచి శుద్ధిచేసిన సారంలో కనీసం నాలుగు రసాయనాలను గుర్తించి, వాటి పరిమాణం కొలిచి, భద్రతనూ గుణాన్నీ రోగులపై నిరూపిస్తే ఆధునిక ఔషధంగా అనుమతి ఇచ్చే ఫైటోఫార్మాస్యూటికల్ విధానాన్ని 2015లో ప్రవేశపెట్టారు. ఫలితం ప్రతికూలంగా వస్తే దానిని కూడా అంతే వివరంగా ప్రచురించాలి. పసరు పోసే పెద్దలకు వారి భాషలోనే, వారి ఇంటికి వెళ్లి చెప్పాలి. ఏ వర్గంలోని రోగిలోనైనా బిలిరుబిన్ పెరుగుతూ పోయినా, వాంతులు ఆగకపోయినా పరీక్ష సంగతి పక్కనపెట్టి అతన్ని వెంటనే కాలేయ నిపుణుడికి అప్పగించాలన్న నిబంధన మొదటి పేజీలోనే ఉండాలి.

ఇంతసేపు ఓపికగా విన్నందుకు ధన్యవాదాలు. ముందు వరుసలో ఫార్మసీ విద్యార్థులు మోతాదు గురించి ఏదో అడగాలనుకుంటున్నట్టున్నారు. వారి ప్రశ్నతోనే మొదలుపెడదాం.